చక్రాల ఇంట్లో స్లొవేనియా

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఇల్లు నడిపి చూడమని మాత్రం వారు అనలేదు. వారి కాలంలో ఇళ్ళకు చక్రాలు లేవు గదా! ఈ కాలంలో ఉన్నవి. యూరపులో వేసవి వచ్చిందంటే చాలు, ఎన్నో కుటుంబాలు పరుపులు, వంటపాత్రలతో సహా ఒక పెద్ద బండి ఎక్కి దేశాల మీద పడతాయి. మంచాలు, పొయ్యి, స్నానాలగది సమస్తమూ ఆ బండిలోనే ఉంటవి. మోటార్ హోమ్ అంటారు దాన్ని. 2024 మే నెల చివర తొమ్మిది రోజులపాటు అలాంటి చక్రాల ఇంట్లో కాపురం చేస్తూ మేము స్లొవేనియా దేశం చూసివచ్చాము.

"అదెక్కడుందండీ?" అని మా కాలేజీలో తోటి లెక్చరర్లే అడిగారు. స్లొవాకియా అని కొందరు పొరబడ్డారు. ఉత్తరాన ఆస్ట్రియా, పడమట ఇటలీ, దక్షిణాన క్రొయేషియా, ఈశాన్యాన హంగరీ. ఈ నలుగురి నడుమ ఒదిగి కూర్చున్న బుల్లి దేశమది. విస్తీర్ణం 20,271 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత ఉభయ గోదావరి జిల్లాలు కలిపినంత. జనం మాత్రం ఆ జిల్లాల జనంలో నాలుగోవంతుకు మించరు. అంతా కలిపితే ఇంచుమించు 21 లక్షలు. వందల ఏళ్ళు ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో ఉండి, 1918 తరువాత యుగోస్లావియాలో ఒక భాగమై, 1991 జూన్ 25న స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నది. నెహ్రూ, నాసర్, టిటో అని మన చిన్నప్పుడు పాఠాల్లో చదువుకొన్నామే, ఆ టిటో ఏలిన దేశంలోని ముక్క ఇది.

మా తమ్ముడు పన్నెండేళ్ళుగా జర్మనీలో, మ్యూనిక్ నగరంలో ఉంటున్నాడు. వాడూ, మా మరదలూ, పదేళ్ళ మా మేనకోడలూ, మావారూ, నేనూ కలిసి అయిదుగురం బయలుదేరాము. బండి నడిపే భారం తమ్ముడిది. దారి చూపే పెత్తనం మావారిది. వంటింటి అధికారం వదినామరదళ్ళం సమంగా పంచుకొన్నాము. పిల్లకు బడి సెలవులు. తండ్రితో జర్మన్లోనూ, తల్లితో సగం ఇంగ్లీషులోనూ మాట్లాడుతుంది. తెలుగు అర్థమవుతుంది గాని నోటికి రావడం కష్టం. తెలుగు పంతులమ్మనైన మేనత్తకు ఆ లోటు ఎలా ఉంటుందో చదువరులు ఊహించుకోవచ్చు.

ఇంటి వైనం

బండి పొడవు ఏడు మీటర్లు, ఎత్తు మూడు మీటర్లు. డ్రైవరు నెత్తిమీద ఒక అటక ఉన్నది. మన ఇళ్ళలో అటకమీద గంగాళాలు పెడతాము. ఇక్కడ పిల్లను పడుకోబెట్టాము. నడుమ ఒక బల్ల, దానికి అటూ ఇటూ సీట్లు. రాత్రి బల్లను కిందికి దించి పరుపులు సర్దితే అదే మంచం. వెనకవైపు ఇంకొక మంచం. ప్రక్కన మూడు గ్యాసు పొయ్యిలు, రిఫ్రిజిరేటరు, బీరువా అంత వెడల్పున స్నానాలగది. బండి కదులుతున్నంత సేపూ అందరూ బెల్టులు కట్టుకొని కూర్చోవలసిందే. నడిచే బండిలో కాఫీ కలుపుకోవచ్చుననుకొన్న మావారి ఆశ మొదటిరోజే నిరాశ అయింది.

ఇలాంటి బండ్లు తయారుచేసే పేరుపొందిన కంపెనీ ఒకటి స్లొవేనియాలోనే ఉన్నది. నోవో మెస్తో అనే ఊళ్ళో 1965 నుంచీ 'అద్రియా' బండ్లు తయారవుతున్నవి. మా బండి కూడా ఆ కంపెనీదే. అంచేత పుట్టింటికి వెళుతున్న ఆడపడుచులా హుషారుగా పరుగెత్తుతున్నదని మా మరదలు వేళాకోళం చేసింది.

ఈ కాపురంలో అసలు పాఠం నీళ్ళది. బండి అడుగున మంచినీళ్ళ తొట్టి ఒకటి ఉంటుంది. మా బండిలో వంద లీటర్లు పట్టేది. తాగడానికి, వంటకు, అంట్లకు, అయిదుగురి స్నానాలకు అవే నీళ్ళు. వాడిన నీళ్ళు ఊరికే పోవు. కిందనున్న మురుగుతొట్టిలోకి చేరుతవి. మరుగుదొడ్డి కింద చక్రాలున్న ఒక పెట్టె ఉంటుంది. దాన్ని లాక్కొని వెళ్ళి, అందుకోసమని కట్టిన చోట ఖాళీచేసి, కడిగి తేవాలి. ఈ పని మగవాళ్ళిద్దరూ వంతులవారీగా చేశారు. గోదావరి గట్టున రాజమండ్రిలో పుట్టి పెరిగినదాన్ని నేను. చెంబుడు నీళ్ళు ఎక్కడినుంచి వస్తవో, వాడాక ఎక్కడికి పోతవో ఏనాడూ ఆలోచించవలసిన అవసరం రాలేదు. ఇక్కడ చేతులు కడుక్కొన్నా గోడమీది ముల్లు కిందికి దిగేది. మూడోరోజుకు అయిదుగురం కలిసి రోజుకు అరవై లీటర్లతో సరిపెట్టుకోవడం నేర్చాము.

వెళ్ళదలచినవారికి రెండు ముక్కలు. స్లొవేనియాలో రాత్రిపూట ఎక్కడబడితే అక్కడ బండి ఆపి పడుకోవడం నిషేధం. బండ్ల విడుదులు వేరే ఉంటవి. క్యాంపింగ్ అంటారు. అక్కడ కరెంటు, మంచినీళ్ళు, మురుగు వదిలే తూము అన్నీ ఉంటవి. జాతీయ రహదారుల మీద నడవడానికి రుసుము ముందే కట్టాలి. పగలు కూడా లైట్లు వెలిగించే నడపాలి. బండి ఆపగానే రసమట్టం పెట్టి చూసి, పల్లంగా ఉన్న చక్రం కింద చెక్క వేసి సరిచేసుకోవాలి. లేకుంటే తెల్లవారేసరికి అందరూ ఒక మూలకు దొర్లుతారు!

సొరంగం అవతల

మ్యూనిక్ నుంచి ఆస్ట్రియా కొండల మీదుగా ఒక పూట ప్రయాణం. ఆస్ట్రియాకు స్లొవేనియాకు మధ్య కరవంకె పర్వతాలు గోడలా నిలబడి ఉన్నవి. వాటి పొట్ట తొలిచి దాదాపు 8 కిలోమీటర్ల సొరంగం వేశారు. 1991లో, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరంలోనే, అది తెరుచుకొన్నది. ఇటు చీకట్లో దూరి అటు వెలుగులో తేలేసరికి ఊళ్ళపేర్లన్నీ మారిపోయినవి.

మొదటి మజిలీ బ్లెడ్ సరస్సు. పటాల్లో మీరూ చూసే ఉంటారు. ఆకుపచ్చని నీళ్ళు, నడుమ చిన్న లంక, లంకలో చర్చి, ఒడ్డున నిట్టనిలువు కొండమీద కోట. లంకలోకి తెడ్ల పడవ మీద వెళ్ళి, 99 మెట్లెక్కి, గుడిగంట మోగించి కోరిక కోరుకొంటారు. పెళ్ళైనరోజున వరుడు వధువును ఎత్తుకొని ఆ మెట్లన్నీ ఎక్కడం ఇక్కడి ఆచారమని తెలిసి మా మరదలు తమ్ముడి వంక చూసింది. వాడు బండి తాళాలు వెతుక్కోవడంలో మునిగిపోయాడు.

సరస్సు వెనక దూరాన మంచు తలపాగాతో త్రిగ్లవ్ శిఖరం. ఎత్తు 2,864 మీటర్లు, దేశంలోకెల్లా ఎత్తైనది. జెండామీద కూడా దాని బొమ్మే. 'త్రి' అంటే మూడు, 'గ్లవ' అంటే తల. మూడు తలల కొండ! దేశంకాని దేశంలో మొదటిరోజే 'త్రి' అనే మాట వినబడేసరికి నాకు చుట్టం ఎదురైనట్టనిపించింది.

ఆ సాయంత్రం విడిదిలో తొట్టి నింపుకొంటుంటే తమ్ముడు ఒక సంగతి చెప్పాడు. తాగునీరు ప్రజల హక్కు, సరకు కాదు అని ఈ దేశంవాళ్ళు 2016లో రాజ్యాంగంలోనే రాసుకొన్నారట. కొండలు, అడవులు, వాగులు పుష్కలంగా ఉన్న దేశం. సగానికి పైగా నేల అడవే. అంత ఉండికూడా కాపాడుకోవాలన్న జాగ్రత్త వారికి కలిగింది. నీళ్ళముల్లు చూసుకొంటూ బ్రతుకుతున్నవాళ్ళం కనుక ఆ మాట మాకు బాగా వంటబట్టింది.

కవిగారి ఊరు

బ్లెడ్‌కు దగ్గరలోనే వర్బా అనే పల్లె ఉన్నది. ఫ్రాన్సె ప్రెషేరెన్ అనే కవి 1800 సంవత్సరంలో అక్కడి రైతు ఇంట పుట్టాడు. ఆ ఇంటిని 1939 నుంచి ప్రదర్శనశాలగా ఉంచారు. చిన్న కిటికీలు, పొగచూరిన వంటిల్లు, కొయ్య ఊయల. మన పల్లెల్లో ఒక మోతుబరి ఇంటికంటె గొప్పగా ఏమీ లేదు. కాని వచ్చేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకొంటున్నారు.

ఆయన కాలంలో చదువుకొన్నవాళ్ళ భాష జర్మను. ప్లీడరైన ఆయనకూ ఆ భాష క్షుణ్ణంగా వచ్చును. అందులోనూ పద్యాలు రాశాడు. కాని తన గొప్ప కావ్యాలన్నీ పాలేళ్ళూ, రైతులూ మాట్లాడే స్లొవేనుభాషలోనే రాశాడు. యూలియా అనే ధనిక వర్తకుని కూతుర్ని ప్రేమించాడు. ఆమె ఆయన్ని ప్రేమించలేదు. ఆ బాధలో 1834లో 'సొనెట్ల మాల' అల్లాడు. పద్యాలు పదిహేను. ఒక పద్యం చివరిపాదమే తరువాతి పద్యానికి మొదటిపాదం. పద్నాలుగు పద్యాల మొదటిపాదాలు వరుసగా పేర్చితే పదిహేనో పద్యం. ఆ పదిహేనో పద్యంలో పాదాల మొదటి అక్షరాలు కలిపి చదివితే యూలియాకు అంకితమని ఆమె పేరు వస్తుంది! మన ముక్తపదగ్రస్తాన్నీ, బంధకవిత్వాన్నీ కలిపి ఒకే మాలగా గుచ్చినట్టున్నది గదా! ఈ సంగతి క్లాసులో చెబితే మా విద్యార్థులు నిద్ర మానేస్తారని అప్పుడే కాగితంమీద రాసుకొన్నాను.

ఆయన 1849 ఫిబ్రవరి 8న చనిపోయాడు. ఆ తేదీన దేశమంతటా సెలవు. ఒక కవి పోయినరోజును జాతీయ దినంగా జరుపుకొంటున్నారు. జాతీయగీతం ఆయన రాసిన పద్యమే. అందులో రాజుల పొగడ్తలేదు, శత్రువుల సంహారంలేదు. అన్ని జాతులవారూ ఇరుగుపొరుగుతో సఖ్యంగా బ్రతకాలని కోరుకొంటూ ఎత్తిన పానపాత్ర అది.

మరునాడు బండిని విడిదిలోనే వదిలి బస్సులో రాజధాని లుబ్లియానా వెళ్ళాము. నది మీద మూడు వంతెనలు జంటగా కాక ముప్పేటగా ఉన్నవి. ఆ వంతెనల దగ్గర, ఊరికి నట్టనడుమ, సేనాపతికీ రాజుకూ కాక ప్రెషేరెన్‌కే విగ్రహం పెట్టారు. ఆయన చూపు తిన్నగా పోయి ఎదుటి వీథిలో ఒక గోడమీదున్న యూలియా ప్రతిమ దగ్గర ఆగుతుంది. బ్రతికుండగా దొరకని చూపు రాళ్ళైన తరువాత దొరికింది పాపం.

అక్కడ కాఫీ తాగి చిల్లర తీసుకొన్నప్పుడు మా మేనకోడలు ఒక వింత పట్టింది. యూరో నాణేనికి ఒకవైపు అన్ని దేశాలకూ ఒకటే. రెండోవైపు ఏ దేశం బొమ్మ ఆ దేశానిది. స్లొవేనియా రెండుయూరోల నాణెం మీద ప్రెషేరెన్ ఉన్నాడు. ఒకయూరో నాణెం మీద ప్రీమొజ్ ట్రూబర్ ఉన్నాడు. ఈ ట్రూబర్ క్రైస్తవ మతబోధకుడు. స్వదేశంలో నిలవనీయకపోతే జర్మనీ వెళ్ళి, 1550లో స్లొవేనుభాషలో మొట్టమొదటి అచ్చుపుస్తకాలు వేయించాడు. వాటిలో ఒకటి అక్షరాలు నేర్పే చిన్న వాచకం. బడిపిల్లల వాచకం అచ్చువేసినవాణ్ణి నాణెంమీద ఎక్కించుకొన్న దేశం ఇది. ఆ రోజునుంచీ మా తమ్ముడి జేబులోని చిల్లరంతా పిల్ల సొత్తయిపోయింది.

మిద్వా

బ్లెడ్ విడిదిలో మా ప్రక్క బండిలో ఒక వృద్ధదంపతులు ఉండేవారు. స్లొవేనులే. ఆవిడ బడిపంతులమ్మగా చేసి విశ్రాంతి తీసుకొంటున్నది. మా తిరగమోత ఘాటుకు రెండుసార్లు తుమ్మి, ఏం వండుతున్నామో చూడడానికి వచ్చింది. ఇంగువ వాసన చూసి హడలిపోయింది. పప్పన్నం రుచిచూసి సమాధానపడింది. మర్నాడు ఒక చిన్న సీసాలో తేనె తెచ్చి ఇచ్చి, "మెద్" అన్నది.

మెద్! మన 'మధు'వే అది. ఆపైన ఇద్దరం కూర్చొని వరుసలు కలుపుకొన్నాము. నిప్పు వారికి 'ఓగెన్', సంస్కృతంలో అగ్ని. ఆకాశం 'నెబో', మనకు నభస్సు. నీళ్ళు 'వోదా', మనకు ఉదకం. అమ్మ 'మాతి'. ఇల్లు 'దోమ్', వేదాల్లో దమమంటే ఇల్లే. మోటార్ హోమ్‌ను వారు 'అవ్తోదోమ్' అంటారు. తెలుగు ద్రావిడభాష కనుక ఈ చుట్టరికం మన సంస్కృతంతోనే గాని తెలుగుతో కాదు. అయినా ఆ మాటలు మన నాలుకమీద వేల ఏళ్ళుగా ఉన్నవే.

తేనె సంగతి వచ్చింది గనుక చెప్పాలి. తేనెటీగలంటే ఈ దేశానికి ప్రాణం. ప్రెషేరెన్ ఊరిప్రక్కనే, బ్రెజ్నిత్సా అనే పల్లెలో 1734లో పుట్టిన ఆంటొన్ యాన్షా, వియన్నాలో మహారాణి మరియా థెరీసా కొలువులో తేనెటీగల పెంపకం నేర్పే గురువైనాడు. ఆయన జ్ఞాపకార్థం స్లొవేనియా కోరగా, మే 20వ తేదీని ఐక్యరాజ్యసమితి 2017లో ప్రపంచ తేనెటీగల దినంగా ప్రకటించింది. తేనెపెట్టెల ముందుపలకల మీద రంగుల బొమ్మలు వేయడం అక్కడి రైతుల పాత ముచ్చట. గయ్యాళి నాలుకను సానరాయి మీద నూరుతున్న బొమ్మ ఒకటి చూశాము. మావారు దాన్ని అవసరమైనదానికంటె ఎక్కువసేపు చూశారు.

ఆ పంతులమ్మగారు చెప్పినవాటిలో నన్ను కట్టిపడేసింది వేరొకటి. ఒక కాఫీ కావాలంటే వారు 'ఎనో కావో' అంటారు. రెండైతే 'ద్వే కావి'. మూడైతే 'త్రి కావె'. ఏకవచనం, బహువచనం మాత్రమే కాదు, నడుమ ద్వివచనం కూడా వారి భాషలో ఈనాటికీ బ్రతికే ఉన్నది! మేము చాలామందిమి అయితే 'మి', మేమిద్దరమే అయితే 'మిద్వా'. చాలామందిమి వెడుతుంటే 'గ్రెమో', ఇద్దరమే వెడుతుంటే 'గ్రెవా'. సంస్కృతంలో గచ్ఛామః, గచ్ఛావః. చివరి అక్షరాలు చూడండి! మన దేశంలో ప్రాకృతాల నాటికే ద్వివచనం వాడుకలోంచి జారిపోయింది. పరీక్షలకోసం శబ్దాలు వల్లెవేసే మన పిల్లలు దాన్ని గుదిబండ అనుకొంటారు. ఇక్కడ కూరగాయల కొట్లో, బస్సులో, భార్యాభర్తల సరసంలో అది తిరుగాడుతున్నది.

"మీ భాషలో ఇద్దరికి వేరేమాట లేదా?" అని ఆవిడ జాలిగా అడిగింది. "లేదు. కాని మాకు 'మేము' వేరు, 'మనము' వేరు" అన్నాను. వింటున్నవారిని కలుపుకొంటే మనము, విడిచిపెడితే మేము. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. తమ భాషలో రెంటికీ ఒకటే మాట. "అయితే మీ భాషలో ఒక్కమాటతోనే మనిషిని లోపలికి పిలవవచ్చు, బయట నిలబెట్టవచ్చు!" అన్నది. తరువాత బండిలోకి వెళ్ళి ఆ సంగతి భర్తకు చెప్పడం మాకు వినిపించింది.

ఆవిడకు తెలియకుండానే నా మనస్సులోని ముల్లును తాకింది. వచ్చినప్పటినుంచీ మా మేనకోడలు నాతో మాట్లాడేటప్పుడు అన్నిటికీ 'మేము' అనే అంటున్నది. "అత్తా, మేము ఎప్పుడు అన్నం తింటాము?" "అత్తా, మేము రేపు ఎక్కడికి వెడతాము?" జర్మనులోనూ ఇంగ్లీషులోనూ ఒకటే మాట కనుక పిల్లకు ఆ తేడా తట్టదు. తప్పు పట్టవలసినదేమీ లేదు. అయినా ఆ మాట విన్నప్పుడల్లా కంచం ముందునుంచి నన్ను ఒక్కదాన్నీ లేవమన్నట్టుండేది. పాఠంలా చెబితే నోరు మూసుకొంటుందేమోనని ఊరుకొన్నాను. ఆ రాత్రి అటకమీదినుంచి పిల్ల గొంతు వినబడింది. "మి, మిద్వా... మేము, మనము..." అని గొణుక్కొంటున్నది. నేను పలకలేదు.

యాభై మలుపులు

నాలుగోరోజున వర్షిచ్ కనుమ దాటాము. ఎత్తు 1,611 మీటర్లు. ఉత్తరాన ఎక్కేటప్పుడు 24, దక్షిణాన దిగేటప్పుడు 26, మొత్తం యాభై వెనక్కు తిరిగే మలుపులు. ప్రతి మలుపుకు అంకె వేసిన పలక ఉన్నది. మన శ్రీశైలం ఘాటు, తిరుమల ఘాటు ఎక్కినవాళ్ళం కనుక ధైర్యంగానే ఉన్నాము. కాని ఇల్లు నెత్తిన పెట్టుకొని ఎక్కడం వేరు. ఉత్తరపు మలుపుల్లో రాళ్ళు పరిచి ఉంటవి. ఒక్కొక్క మలుపుకు వంటింట్లో ఒక్కొక్క గిన్నె ఊరేగింది. పిల్ల అంకెలు పైకి చదువుతున్నది, మావారు లోలోపల ఆంజనేయదండకం చదువుతున్నారు.

ఎనిమిదో మలుపు దగ్గర బండి ఆపాము. చెట్లలో చిన్న కొయ్యచర్చి. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ రోడ్డును ఆస్ట్రియా సైన్యం రష్యా యుద్ధఖైదీలచేత వేయించింది. 1916 మార్చిలో మంచుచరియ విరిగిపడి ఎందరో ఖైదీలు, వారికి కాపలా ఉన్నవారు కూడా, దాని కింద సమాధి అయిపోయారు. మిగిలిన ఖైదీలు చనిపోయిన తోటివారికోసం కట్టిన చర్చి అది. మేము విలాసానికి ఎక్కుతున్న దారి వారి నెత్తుటితో వేసినదని తెలిశాక మిగతా మలుపులు ఎవరమూ లెక్కపెట్టలేదు.

కనుమ దిగితే సోచా నది. ఆ నీళ్ళ రంగు పచ్చ అంటే చాలదు; పచ్చరాయిని పాలలో ముంచి తీసినట్టుంటుంది. అడుగున ప్రతి గులకరాయీ కనబడుతుంది. 138 కిలోమీటర్లు మాత్రమే పారి ఇటలీలో సముద్రాన్ని కలుస్తుంది. మన గోదావరి పక్కన అది పిల్లకాలువ. కాని ఆ పిల్లకాలువ చూసినంత ఘోరం గోదావరి చూడలేదు.

కొబారిడ్

ఆ నది వెంట 1915 నుంచి 1917 వరకు ఇటలీకి, ఆస్ట్రియాకు పన్నెండు యుద్ధాలు జరిగినవి. పన్నెండూ ఇక్కడే, ఈ కొండల్లోనే. 1917 అక్టోబరు 24న కొబారిడ్ అనే ఊరి దగ్గర ఇటలీ సైన్యం చెదిరిపోయింది. ఆ ఊరినే ఇటాలియన్లు కపొరెత్తో అంటారు. ఆ పలాయనాన్ని హెమింగ్వే 1929లో తన నవలలో చిత్రించాడు. అక్కడి ప్రదర్శనశాలకు 1993లో యూరపు మండలివారి బహుమతి వచ్చింది. అందులో గెలిచినవారి గొప్పలు లేవు. తుప్పుపట్టిన పారలు, భోజనపు డబ్బాలు, ముఖాలు చితికిన కుర్రాళ్ళ ఫొటోలు. సైనికులు ఇళ్ళకు రాసిన ఉత్తరాలు ఎన్నో భాషల్లో ఉన్నవి.

యుద్ధం పోయింది గాని కష్టం పోలేదు. 1920 ఒడంబడికతో ఈ ప్రాంతమంతా ఇటలీకి దక్కింది. ముసోలినీ ప్రభుత్వం వచ్చాక 1923 నుంచి బడులనుంచి స్లొవేనుభాషను క్రమంగా గెంటివేశారు. ఊళ్ళపేర్లు మార్చారు. మనుషుల ఇంటిపేర్లు కూడా మార్చారు. పిల్లలకు తమ భాషలో అక్షరాలు నేర్పాలంటే చాటుమాటుగా చర్చిల్లోనూ, ఇళ్ళల్లోనూ నేర్పవలసివచ్చింది. నేర్పిన కొందరు జైళ్ళకు వెళ్ళారు. ఇంచుమించు పాతికేళ్ళు ఈ లోయ అలా గడిపింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1947లో కొబారిడ్ యుగోస్లావియాకు వచ్చింది.

ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. పిల్లలు ఎందుకు తెలుగు చదవాలని తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. ఉద్యోగం రాదు గదా అంటారు. నేనూ ఏవో జవాబులు చెబుతూనే ఉంటాను. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో తెలుగు మాతృభాష అన్నవారు ఎనిమిది కోట్లకు పైబడి ఉన్నారు. ఆ అంకె చెప్పి మన భాషకు భయంలేదంటాము. ఆ లోయలో దొంగచాటుగా అక్షరాలు దిద్దినవారు ఎంతో కొద్దిమంది. వారి మనుమలు ఇవాళ తమ భాషలో చట్టాలు చేసుకొంటున్నారు, వైద్యం చదువుతున్నారు, ద్వివచనంలో కాఫీ అడుగుతున్నారు. భాషను నిలబెట్టేది తలల లెక్క అయితే వారిది ఎప్పుడో పోవలసింది.

నేల కింది లోకం

కొండలనుంచి దక్షిణంగా దిగాక దేశం స్వరూపం మారుతుంది. నేలంతా సున్నపురాయి. వానలు పైన నిలవక రాళ్ళను తొలుచుకొంటూ కిందికి పోతవి. అందుకే వేలకొద్దీ గుహలు. పోస్తోయ్నా గుహలో 1872లోనే పట్టాలు వేశారు. ఇప్పుడు కరెంటు రైలు. మన బొర్రా గుహలు చూసినవారికి రాతిజడలు, రాతిస్తంభాలు కొత్తకాదు. రైలెక్కి పోవడమే కొత్త. లోపల ఎండాకాలమైనా పది డిగ్రీలే. అక్కడి చీకటినీళ్ళలో కళ్ళు కనిపించని, తెల్లని తోలుగల ఒక ప్రాణి ఉంటుంది. మనుష్యచేప అంటారు గాని చేపకాదు. కప్పల జాతికి చుట్టం. తిండిలేకుండా ఏళ్ళ తరబడి ఉండగలదు.

దగ్గరలోనే కొండగుహ నోట్లో కట్టిన ప్రెద్యమా కోట. ఎరాజెం అనే తిరుగుబాటు దొర శత్రువుల ముట్టడిలో ఏడాదిపాటు చెక్కుచెదరలేదట. చివరికి ఒక నౌకరు ద్రోహంచేసి, దొర మరుగుదొడ్డిలో ఉన్న వేళ దీపంతో సైగ చేశాడట. ఒక్క ఫిరంగి గుండుతో కథ ముగిసింది. ఆ సాయంత్రం మా బండిలోని ఆ గదికి వెళ్ళడానికి తమ్ముడు కాసేపు తటపటాయించాడు.

ఉప్పు మళ్ళు

స్లొవేనియాకు సముద్రతీరం ఇంచుమించు 46 కిలోమీటర్లే. ఆ పిడికెడు తీరంలో పిరాన్ అనే పాత ఊరు సముద్రంలోకి నాలుకలా చాచుకొని ఉన్నది. అయిదువందల ఏళ్ళు వెనిస్ ఏలుబడి. ఇరుకు సందులు, ఎరుపు పెంకుల ఇళ్ళు, వీణలో ఘనుడైన తార్తీని విగ్రహం. వీణ అంటే మన వీణ కాదు, ఫిడేలు. ఆయన 1692లో అక్కడే పుట్టాడు. సందుల్లోకి మా ఇల్లు పట్టదు గనుక ఊరి బయట వదిలి బస్సులో వెళ్ళాము.

పక్కనే సెచోవ్లియె ఉప్పు మళ్ళు. ఏడువందల ఏళ్ళకు పైగా అక్కడ ఉప్పు పండిస్తున్నారు. మడి అడుగున బురద ఉప్పులో కలవకుండా, పాచితో పెంచిన పల్చటి పొరను ఒక చాపలా పరిచి ఉంచుతారు. దానిపైన సముద్రపు నీరు ఎండి ఉప్పు పేరుతుంది. కొయ్యపారలతో చేతులమీదే తోస్తారు. మన కోస్తాలో ఉప్పుమళ్ళు చూసినవారికి ఆ వంగిన నడుములు, తెల్లని కుప్పలు చూస్తే ఊరు గుర్తుకు వస్తుంది.

అక్కడ నేను ఎక్కువసేపు చూసింది ఉప్పు కాదు, దారి పలకలు. పిరాన్ అని స్లొవేనులో, కింద పిరానో అని ఇటాలియనులో. వీథి పేర్లు, బడి పేరు, కచేరీ పేరు అన్నీ రెండు భాషల్లో. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ తీరంలోని ఇటాలియన్లు చాలామంది ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళిపోయారు. మిగిలినవారు కొద్ది వేలమంది. వారికోసం ఇక్కడ ఇటాలియను కూడా అధికారభాష. వారి పిల్లలకు వారి భాషలో బడులు. తొంభైమంది సభ్యులున్న చట్టసభలో వారికి ఒక స్థానం, ఈశాన్యంలోని హంగరీ భాషవారికి ఒక స్థానం రాజ్యాంగమే కల్పించింది. పొద్దున కొబారిడ్ సంగతులు మావారికి మళ్ళీ చెబుతూ ఉన్నాను; ఆయన పలకవైపు చూపించి, "వీళ్ళ ఊరిపేర్లు చెరిపేసినవాళ్ళ భాష ఇది. వీళ్ళు పలకమీద రాసి పెట్టారు" అన్నారు. ఆయన లెక్కల మాష్టారు. భాషను గురించి ఆయన నోట అంత మంచిమాట నేను ఎప్పుడూ వినలేదు.

చివరి సాయంత్రం విడిది సముద్రపు గట్టుమీద. తొట్టి నింపడం అయింది, మురుగు వదలడం అయింది. మిగిలిన ఆవకాయతో, పెరుగుతో అన్నం కలిపి అందరికీ ముద్దలు పెడుతున్నాను. పిల్ల తన నాణేలు బల్లమీద పేర్చుకొంటూ తల ఎత్తకుండానే అడిగింది:

"అత్తా, రేపు మనము ఇంటికి వెళ్ళిపోతామా?"

తమ్ముడు ఏదో అనబోతే మా మరదలు వాడి చెయ్యి నొక్కింది. వెళ్ళేది మ్యూనిక్‌కు, ఆ ఇల్లు వాళ్ళది. అక్కడినుంచి వారం తిరక్కుండా నేను రాజమండ్రి విమానం ఎక్కాలి.

"వెళ్ళిపోతాము. మనమందరమూ" అని, పెద్ద ముద్ద ఒకటి పిల్ల చేతిలో పెట్టాను.